సాక్ష్యం చెప్పడానికి ఇంకా ఏమీ లేనివారికి

(నర్సాపురం ప్రాంతంలోని ఒక సంఘంలో, శుక్రవారం ఉపవాస కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసిన పాఠం.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు లోపలికి వచ్చి కూర్చోండి, ఫ్యాను కింద ఇంకా చోటుంది. ఖాళీ కడుపుతో ఉన్నారని తెలుసు. అయ్యగారు నాకు ముప్పావుగంట ఇచ్చారు, అంత తీసుకోను.

ఇందాక సాక్ష్యాలు విన్నాం. ఒకరికి ఆపరేషన్ లేకుండానే కిడ్నీలో రాయి పడిపోయింది. ఒకరి అబ్బాయికి కువైట్ వీసా వచ్చింది. ఇంకో అక్క కూతురికి పదకొండేళ్ళ తర్వాత నెల తప్పింది. అన్నిటికీ చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను, మనస్ఫూర్తిగానే కొట్టాను. అయితే ఒక సంగతి గమనించారా? లేచినవాళ్ళందరూ అయిపోయిన కష్టం గురించే చెప్పారు. మన సంఘాల్లో సాక్ష్యానికి ఒక వరస ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థన పెట్టించాం, ఉపవాసం ఉన్నాం, పోయింది, దేవునికే మహిమ. నలభయ్యో రోజున పోయిందంటే ఆమేన్ ఇంకాస్త గట్టిగా వినపడుతుంది.

మరి పోనివాళ్ళ సంగతేంటి? వాళ్ళు కూడా ఈ చాపల మీదే ఉన్నారు. పాట వస్తే పాడతారు, కానుక వేస్తారు, చివరి ప్రార్థనలో తల వంచుతారు. సాక్ష్యాలనేసరికి మాత్రం బైబిల్లో ఏదో వెతుక్కుంటున్నట్టు కిందికి చూస్తారు. అయ్యగారు "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నప్పుడు వాళ్ళ గుండెలో ఏదో కలుక్కుమంటుంది. నాకు ఇంకా ఏమీ కాలేదు కదా, నేనేం చెప్పను అని. ఈ రోజు వాక్యం వాళ్ళకి. వీసా వచ్చిన అబ్బాయి అమ్మగారు కూడా వినొచ్చు. అక్కడికెళ్ళాక ఆ అబ్బాయికి పనికొస్తుంది. (నవ్వులు)

మా సంఘంలో ప్రార్థన మనవుల పెట్టె తెరిచే పని నాది. బడిలో పంతులుగా చేసి రిటైర్ అయ్యాను, రాతలు చదవడం అలవాటేగా అని నాకు అప్పగించారు. ఆదివారం ఆరాధన అయ్యాక తాళం తీసి, చీటీలన్నీ బల్ల మీద పరుస్తాను. పరీక్షల కాలంలో హాల్ టికెట్ జిరాక్సులు పడతాయి. ఎండాకాలం వస్తే పెళ్ళి సంబంధాలు. కొన్ని చీటీలు మాత్రం ఏ కాలంలోనైనా ఒకలాగే ఉంటాయి. ఒకామె ఉండేది. ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి చెబుతున్నాను, ఎవరని వెతక్కండి. స్కూలు నోటుబుక్కులోంచి చింపిన కాగితం, నీలం సిరా, "నా భర్త తాగుడు మానాలి" అని. ప్రతి వారం అదే. మొదట్లో పూర్తి పేరు, వీధి పేరు, ఎంత కాలంగా తాగుతున్నాడో, పిల్లలెంతమందో అన్నీ రాసేది. పోనుపోనూ ఒక్క వాక్యమే మిగిలింది. ఒక వారం చీటీ విప్పితే రెండే మాటలున్నాయి. "పోయిన వారందే."

ఆ కాగితం పట్టుకుని నేను కాసేపు అలాగే కూర్చున్నాను. ఇందులో అలసట ఉంది, కాదనను. అయినా ఆ మనిషి చీటీ రాసింది. రాసి, మడిచి, పెట్టెలో వేసింది. ఆ వారం ఆ పెట్టెలో పడ్డ వాటిలో అంత విశ్వాసమున్న కాగితం ఇంకొకటి నాకు కనపడలేదు. ఆమెని లేపి మైకు చేతికిస్తే మాత్రం ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. మనం ఆమెకి నేర్పిన సాక్ష్యంలో "ఇంకా" అనే మాటకి చోటు లేదు.

మనం చోటు పెట్టలేదు గానీ లేఖనం పెట్టింది. ఎక్కడెక్కడ పెట్టిందో చూద్దాం. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం, 11, 12 వచనాలు తీయండి. ఊరు ఎఫెసు. పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు, నడికట్లు రోగుల దగ్గరికి తీసుకెళ్తే రోగాలు వదిలిపోయాయి. ఈ వాక్యం మనకి బాగా తెలుసు, దీని మీద ఉజ్జీవ సభల్లో ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. ఇప్పుడు అక్కడే ఒక వేలు పెట్టి ఉంచి, 1 తిమోతికి వెళ్ళండి. ఆ పత్రిక అందుకున్నప్పుడు తిమోతి ఎక్కడున్నాడు? మొదటి అధ్యాయం 3వ వచనంలోనే ఉంది, ఎఫెసులో. అదే ఊరు. గుడ్డ ముక్కలతో రోగాలు పోయిన ఊరు. ఆ ఊళ్ళో కూర్చున్న తను కొడుకులా ప్రేమించిన శిష్యుడికి పౌలు ఏం రాస్తున్నాడు? 5వ అధ్యాయం 23. "ఇకమీదట నీళ్లే త్రాగక నీ కడుపు జబ్బునిమిత్తమును, తరచుగా వచ్చు బలహీనతల కోసరమును ద్రాక్షారసము కొంచెముగా పుచ్చుకొనుము."

"తరచుగా వచ్చు." అంటే వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. పౌలు ఒక చేతిగుడ్డ పంపొచ్చుగా? పంపలేదు. "నీకు విశ్వాసం చాలట్లేదు తిమోతీ, ఏడు రోజులు ఉపవాసం ఉండు" అని కూడా రాయలేదు. ఆ కాలంలో కడుపుకి వాడే మందు చెప్పాడు. కొంచెంగా అన్నాడు, అది కూడా చదవండి. ఆ వచనం పట్టుకుని సాయంత్రం షాపుకి బయల్దేరే తమ్ముళ్ళున్నారని నాకు తెలుసు. (నవ్వులు)

ఇంకొక మనిషి త్రోఫిము. ఇతను ఎఫెసువాడే, కార్యములు 21:29లో ఉంది. పౌలు చివరి పత్రిక, 2 తిమోతి 4:20 చూడండి. "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని." అంతే. ఎందుకు బాగవలేదో వివరం లేదు, ఎవరి పాపమో విచారణ లేదు, తర్వాత బాగుపడ్డాడని ఒక ముక్క కూడా లేదు. పౌలంతటి అపొస్తలుడు, పక్కనే తిరిగిన సహ పనివాణ్ణి, జబ్బుతో ఒక రేవు పట్టణంలో వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఆ సంగతి సిగ్గుపడకుండా ఉత్తరంలో రాశాడు. పరిశుద్ధాత్మ దాన్ని కొట్టేయకుండా లేఖనంలో ఉంచాడు. మనమైతే ఆ వాక్యం తీసేసేవాళ్ళం. మన యూట్యూబ్ ఛానెల్లో త్రోఫిము కనిపించడు.

ఇక పౌలు ముల్లు, తన శరీరంలో ఉందని ఆయన చెప్పుకున్న బాధ. 2 కొరింథీ 12. దీని గురించి మీకు కొత్తగా చెప్పేది తక్కువే. అది తీసేయమని "ముమ్మారు ప్రభువును వేడుకొంటిని" అన్నాడు, "నా కృప నీకు చాలును" అని జవాబొచ్చింది. ముల్లేంటో చెప్పలేదు. కంటి జబ్బన్నారు, జ్వరమన్నారు, వెంటపడ్డ శత్రువులన్నారు. పండితులు ఎన్ని చెప్పినా పౌలు మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ జబ్బున్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఆ పేజీ తిప్పేసేవాళ్ళు.

నేను ఆగాలనుకుంటున్నది దాని ముందు వచనాల దగ్గర. 11వ అధ్యాయం చివర, 32, 33. దమస్కులో రాజు కింద అధికారి పౌలుని పట్టుకోవాలని పట్టణానికి కాపలా పెట్టాడు. అప్పుడు పౌలు ఏం చేశాడు? "నా కృప నీకు చాలును" అని గుమ్మంలో కూర్చున్నాడా? గంపలో కూర్చుని, గోడ కిటికీలోంచి తాళ్ళతో దిగి పారిపోయాడు. ముల్లుకి సరిగ్గా కొన్ని వచనాల ముందే ఈ గంప ఉంది. ఇదే పౌలుని యెరూషలేములో కొరడాలతో కొట్టబోతే, శిక్ష విధించకుండా రోమీయుణ్ణి కొట్టడానికి మీకు అధికారముందా అని శతాధిపతిని నిలదీశాడు. కార్యములు 22.

ఇదెందుకు చెబుతున్నానంటే, మన మధ్య ఓర్పు పేరుతో ఒక తప్పుడు బోధ తిరుగుతోంది. రాత్రి తాగొచ్చి భర్త కొడితే, పొద్దున్న దవడ వాచి వచ్చిన చెల్లితో "సిలువ మోయాలమ్మా, ఓర్చుకో" అంటున్నాం. పౌలుకి ముల్లూ ఉంది, గంపా ఉంది. తీసివేయమని అడిగి, రాకపోతే మోసినవి కొన్ని. మోయకుండా తప్పించుకున్నవి కొన్ని. కొట్టే చెయ్యి ముల్లు కాదు. దానికి గంప కావాలి. సంఘ పెద్దలారా, తాడు పట్టుకునే శిష్యులు ఉండబట్టే పౌలు దిగగలిగాడు. ఆ తాడు మనం పట్టుకోవాలి. ఆ అమ్మాయికి అమ్మగారింటికి దారి చూపించడం, అవసరమైతే ఆడవాళ్ళ సహాయ నంబరు 181కి ఫోన్ చేయించడం కూడా పరిచర్యే. ఇది చెప్పకుండా ఓర్పు గురించి మాట్లాడితే నా మాటలు కొట్టేవాడి చేతిలో కర్ర అవుతాయి. అందుకే ముందే చెప్పేశాను.

సరే, గంప అక్కర్లేని కష్టాలకి వద్దాం. తప్పించుకోడానికి కిటికీ లేనివి. తగ్గని నొప్పి, తీరని అప్పు, పొద్దున్నే లేవగానే గుండెల మీద బరువు, కారణం తెలియని దిగులు. బుద్ధి ఎదగని బిడ్డను పెంచే తల్లి, పక్షవాతంతో మంచం పట్టిన మామగారికి పదేళ్ళుగా మలమూత్రాలెత్తే కోడలు. వీళ్ళు ఏం ప్రార్థన చేయాలి? రోజూ అదే మాట ఎన్నిసార్లు?

కీర్తన 88 తీయండి. ఎజ్రాహీయుడైన హేమాను రాసింది. కీర్తనల్లో ఏడుపు కీర్తనలు చాలా ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ చివరికి ఒక మలుపు తిరుగుతాయి. "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను" అనో, "ఆయనను స్తుతింతును" అనో. 13వ కీర్తన ఆరే వచనాలు, అందులో కూడా మలుపు ఉంది. 88లో లేదు. చివరి వచనం చదవండి. "నా ప్రియులను స్నేహితులను నీవు నాకు దూరముగా ఉంచియున్నావు, చీకటియే నాకు బంధువర్గమాయెను." అయిపోయింది. పేజీలో ఆ తర్వాత ఖాళీయే.

నేను కుర్రతనంలో దీనికి కొనసాగింపు ఎక్కడైనా ఉందేమోనని చూశాను, తర్వాతి కీర్తన వేరే ఆయనది. హేమాను అలాగే వదిలేశాడు. పైన శీర్షికలో మాత్రం "ప్రధానగాయకునికి" అని ఉంది. అంటే ఒంటరిగా గదిలో రాసుకుని దాచుకున్నది కాదిది. గాయకబృందానికి ఇచ్చారు, అందరూ కలిసి పాడుకోడానికి. దేవాలయంలో జనం నిలబడి "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని పాడి ఇళ్ళకెళ్ళారు. ఊహించండి, మన క్వైర్ మాస్టర్ ఆదివారం ఈ పాట ఎత్తుకుంటే! మధ్యలోనే ఆపించి "సంతోషంగా పాడదాం" అంటాం.

ఈ హేమాను విశ్వాసం ఎక్కడుందంటారా? మొదటి వచనంలో "నాకు రక్షణకర్తవగు దేవా" అన్నాడు. 9వ వచనంలో "ప్రతిదినము." 13లో "ఉదయమున నా ప్రార్థన నిన్ను ఎదుర్కొనును." జవాబు రాలేదని ప్రార్థన మానలేదు. ప్రార్థన మానలేదని ఫిర్యాదు తగ్గించనూ లేదు. దేవుడి మొహం మీదే అన్నాడు, నీవే దూరం పెట్టావని. వెనకాల ఎవరితోనూ అనలేదు. దేవుడితో పోట్లాడుతున్నవాడు ఇంకా దేవుడి దగ్గరే ఉన్నాడు. మా పెట్టెలో "పోయిన వారందే" చీటీ వేసినామె హేమాను వంశమే.

యిర్మీయా ప్రవక్తది ఇంకా చిత్రం. 20వ అధ్యాయం 13వ వచనం, "యెహోవాను కీర్తించుడి." మనమైతే అక్కడ హల్లెలూయ చెప్పి ముగించేస్తాం. 14వ వచనం, "నేను పుట్టిన దినము శపితమగును గాక." ఒక శ్వాసలో స్తుతి, మరు శ్వాసలో శాపం. వరస తిరగబడిందని సరిచేయాలనిపిస్తుంది. ఏడుపు ముందుండాలి, స్తుతి తర్వాత రావాలి కదా? పోరాటంలో ఉన్నవాడి రోజు మాత్రం అలా వరసగా నడవదు. ఆదివారం పొద్దున్న ఆరాధనలో కళ్ళనీళ్ళతో చేతులెత్తుతాడు, ఆదివారం సాయంత్రానికి ఎందుకు పుట్టానా అనుకుంటాడు. రెండూ నిజమే. పొద్దున్న చేతులెత్తింది నాటకం అని తనని తాను తిట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఒక మనిషి కథ కాస్త వివరంగా చెబుతాను. ఇంగ్లండులో ఓల్నీ అని చిన్న ఊరు. లేసు అల్లేవాళ్ళ ఊరు. మన నర్సాపురం చుట్టుపక్కల అక్కలు కొక్కెం సూదితో అల్లినట్టు కాదు, అక్కడ దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న కండెలతో అల్లేవాళ్ళు. చేసేది ఆడవాళ్ళూ పిల్లలూ, వచ్చేది తక్కువ కూలి, లాభం వ్యాపారిది. ఆ భాగం మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఊరి సంఘ కాపరి జాన్ న్యూటన్. అమేజింగ్ గ్రేస్ రాసిన ఆయన, ఒకప్పుడు బానిసల ఓడ నడిపిన ఆయన. ఆయన ఇంటికి దగ్గర్లో ఉండేవాడు విలియం కూపర్ అనే కవి.

కూపర్ 1731లో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. 1763లో ఒక ఉద్యోగానికి పెద్దల ముందు పరీక్ష ఇవ్వాల్సి వచ్చి, ఆ భయంతో మనసు చెదిరి ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ అనే భక్తిగల వైద్యుడి ఆశ్రమంలో ఉంచారు. అక్కడ రోమా పత్రిక చదువుతూ క్రీస్తును తెలుసుకున్నాడు. ఇక్కడ ఆపేస్తే మనకి బ్రహ్మాండమైన సాక్ష్యం. పిచ్చాసుపత్రిలో రక్షణ! మన సభల్లో ఇక్కడే ఆపేస్తారు కూడా.

కథ మాత్రం ఆగలేదు. కూపర్ 1767లో ఓల్నీ వచ్చాడు. న్యూటన్‌తో కలిసి పేదల ఇళ్ళకి వెళ్ళాడు, ప్రార్థన కూడికల్లో ప్రార్థించాడు, కీర్తనలు రాశాడు. 1773 జనవరి 1న న్యూటన్ తన సంఘానికి అమేజింగ్ గ్రేస్ మాటలు వినిపించాడు. ఆ జనవరిలోనే కూపర్ మళ్ళీ కుప్పకూలాడు. దేవుడు నన్ను వదిలేశాడు, లోకంలో అందరికీ కృప ఉంది, నా ఒక్కడికే లేదు అనే తలంపు పట్టుకుంది. అది పూర్తిగా వదల్లేదు. 1787లో మళ్ళీ, 1794 ప్రాంతంలో మళ్ళీ. 1800 ఏప్రిల్ 25న చనిపోయేవరకూ ఆ చీకటి వస్తూ పోతూనే ఉంది. ఆఖరి రోజున వెలుగు వచ్చిందని నేను మీకు కథ అల్లి చెప్పను. ఆయన చివరిగా రాసిన కవిత సముద్రంలో కొట్టుకుపోయిన నావికుడి గురించి.

మరి ఈ కథ ఎందుకు చెబుతున్నాను? 1773 వసంతంలో కూపర్ తన ఇల్లు వదిలి న్యూటన్ ఇంటికి వచ్చాడు. వచ్చి, తిరిగి వెళ్ళనన్నాడు. ఏడాదికి పైగా అక్కడే ఉన్నాడు, 1774 మే దాకా. అతన్ని కనిపెట్టుకుని చూసుకునే మేరీ అన్విన్ అనే పెద్దావిడ కూడా వెంట వచ్చింది. పాస్టర్‌గారి ఇంట్లో, ఏ క్షణాన ఏం చేసుకుంటాడో తెలియని మనిషి, ఏడాదికి పైగా! న్యూటన్‌కి ఇల్లూ ఉంది, పరిచర్యా ఉంది, సంఘంలో జనం మాటలూ ఉండే ఉంటాయి. వెళ్ళగొట్టలేదు. నీలో దురాత్మ ఉందని సభ పెట్టలేదు. అమేజింగ్ గ్రేస్ రాయడం కంటే అది పెద్ద పనని నా అభిప్రాయం. పాట ఒక వారంలో వస్తుంది.

కాస్త తేరుకున్నాక కూపర్ ఏం చేశాడో చూడండి. కుందేళ్ళు పెంచాడు, అడవి కుందేళ్ళు. పస్, టైనీ, బెస్ అని మూడింటికీ పేర్లు పెట్టాడు, మూడూ మగవే. వడ్రంగం చేసి వాటికి గూళ్ళు కట్టాడు. దోసకాయలు పండించాడు. స్నేహితులకి ఉత్తరాలు రాశాడు. దేవుడు నన్ను వదిలేశాడని నమ్ముతూనే, పొద్దున్న లేచి కుందేళ్ళకి మేత వేశాడు. తర్వాత్తర్వాత బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పద్యాలు రాశాడు, అవి జనంలోకి బాగా వెళ్ళాయి. న్యూటన్, కూపర్ కలిసి రాసిన కీర్తనల పుస్తకం 1779లో వచ్చింది. అందులో కూపర్‌వి అరవైకి పైనే ఉన్నాయి. తనకి కృప లేదనుకున్న మనిషి పాటలు పాడుకుని ఎంతమంది ఓదార్పు పొందారో! ఆయనకి మాత్రం ఆ సంగతి ఓదార్పు ఇచ్చినట్టు లేదు.

దిగులు గురించి ఇంకొక్క మాట. షుగర్ ఉన్నవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, సగం మంది ఉంటారు. రోజూ మాత్ర వేసుకుంటారు. "మాత్ర వేసుకుంటున్నావంటే నీకు దేవుడి మీద నమ్మకం లేదు" అని ఎవరైనా అంటే నవ్వేస్తారు. మనసు జబ్బుకి మాత్ర రాస్తే మాత్రం చీటీ పర్సులో దాచుకుంటారు. తిమోతికి కడుపు మందు రాసిన పౌలు దీనికి అడ్డు చెప్తాడంటారా? ఏలీయా ప్రవక్త "నా ప్రాణము తీసికొనుము" అన్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ పెట్టాడు. మాటలు ఆ తర్వాతే, అదీ నలభై రోజులకి. చచ్చిపోవాలని ఎవరికైనా అనిపిస్తుంటే ఈ రాత్రే ఎవరితోనైనా చెప్పండి. 14416 టెలి మానస్ అని ప్రభుత్వం వాళ్ళ నంబరు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. అయ్యగారూ, మీరు ఒప్పుకుంటే ఆ నంబరు వాక్యాల బోర్డు పక్కన రాయిస్తాను. (అయ్యగారు "రాయించండి" అన్నారు.)

ఇంకో రకం పోరాటం ఉంది. అది జబ్బు కాదు, కష్టమూ కాదు, పాపం. అదే పాపం, మళ్ళీ మళ్ళీ. కోపం, తాగుడు, ఆన్‌లైన్ రమ్మీ, రాత్రిపూట తలుపేసుకుని చూసే ఫోను. దీన్ని ముల్లు అని పిలవకండి. పౌలు ముల్లుతో సర్దుకున్నాడు గానీ పాపంతో సర్దుకోలేదు. రోమా 7లో అదే పౌలు "చేయగోరని కీడు చేయుచున్నాను" అని మొత్తుకుంటాడు. "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అంటాడు. ఈ అధ్యాయం పౌలు రక్షణకు ముందు స్థితా, తర్వాత స్థితా అని బైబిల్ కాలేజీల్లో వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. అది చదివి "ఇది నా సంగతే" అనని విశ్వాసిని నేను చూడలేదు.

పడ్డవాడు మొదట చేసే పని ఏంటంటే ప్రభువు బల్లకి దూరం జరగడం. శనివారం రాత్రి పడ్డాను కదా, ఏ మొహం పెట్టుకుని ఆదివారం వెళ్ళను అని ఒక వారం మానేస్తాడు. రెండో వారం ఇంకా సిగ్గు. మూడో నెలకి మనం అతన్ని "వెనక్కి జారిపోయాడు" అంటాం. పాపం కంటే ఆ సిగ్గే అతన్ని ఎక్కువ దూరం తీసుకెళ్ళింది. సామెతలు 24:16 ఏమంటుంది? "నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును." పడేవాడి పేరు అక్కడ నీతిమంతుడు. పడ్డ వారమే రండి. వెనక వరసలో కూర్చోండి, పాడలేకపోతే ఊరుకోండి. ఆ పాపాన్ని ఒక్క మనిషి ముందైనా పేరు పెట్టి ఒప్పుకోండి. మనిషిని మాత్రం చూసి ఎంచుకోండి. సాయంత్రానికి వీధంతా తెలిసే మనిషి దగ్గర వద్దు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అని ఒకటుంది, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు కలిసి మొదలుపెట్టారు. చాలాచోట్ల వాళ్ళ మీటింగులు చర్చి గదుల్లోనే జరుగుతాయి. అక్కడ తాగుడు మానేసి ఇరవయ్యేళ్ళైనవాడు కూడా లేచి, "నా పేరు ఫలానా, నేను తాగుబోతుని" అంటాడు. "ఒకప్పుడు తాగుబోతుని" అనడు. ఈ ఒక్క రోజు తాగను అనుకుంటాడు, రేపటి సంగతి రేపు. ప్రభువు మనకి నేర్పిన ప్రార్థన కూడా అనుదినాహారం అడగమనే కదా. నాకు వింతగా అనిపించేదేంటంటే, చర్చి వెనక గదిలో నిన్న పడ్డవాడు లేచి నిన్న పడ్డానని చెప్పొచ్చు. వాళ్ళు "మళ్ళీ రా" అంటారు. ముందు హాల్లో, మన దగ్గర, అదే మాట చెప్పడానికి వీల్లేదు.

అందుకని అయ్యగారితో ముందే మాట్లాడి రెండు సంగతులకి అనుమతి తీసుకున్నాను. వచ్చే శుక్రవారం నుంచి సాక్ష్యాల సమయంలో, ఇంకా ఏమీ జరగనివాళ్ళు కూడా లేవొచ్చు. "నాకు ఇంకా అలాగే ఉంది, ఈ వారం కూడా వచ్చాను" అంటే చాలు, కూర్చోవచ్చు. వివరాలు అడగం. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియకపోతే ఆమేన్ అనండి. ఎవరూ లేవకపోయినా ఫర్వాలేదు, బలవంతం లేదు.

రెండోది మన త్రోఫిముల గురించి. మంచం పట్టి, లేదా మనసు బాగోక, కూడికకి రాలేకపోతున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడానికి పేర్లు కావాలి. ఇద్దరిద్దరు, వారానికి ఒక ఇల్లు. వెళ్ళేవాళ్ళకి నియమాలు చెబుతాను, వినండి. పావుగంట మించి కూర్చోవద్దు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాకే పాడైంది. కాబట్టి "మా చుట్టాలావిడకి కూడా ఇలాగే వచ్చి" అని మొదలుపెట్టొద్దు. ఆకు పసరు వైద్యం చెప్పొద్దు. ఏ పాపం దాచావో అని ఆరా తీయొద్దు. అంట్లుంటే తోమండి, పిల్లాడుంటే కాసేపు ఎత్తుకోండి, ఒక కీర్తన చదవండి. టీ పెడతామంటే వద్దనకండి. వాళ్ళకి అదొక్కటే మనకి చేయగలిగినది అయ్యుండొచ్చు. తాగి రండి. నోటుపుస్తకం స్తంభం పక్కన కుర్చీ మీద ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి తీసుకెళ్ళొద్దు. పేరు, ఫోన్ నంబరు, ఏ రోజు వీలవుతుందో రాయండి. లేసు కూలికి వెళ్ళే అక్కలకి సాయంత్రం ఆరు తర్వాతే వీలవుతుందని తెలుసు, అలాగే రాయండి. ఇప్పుడు మనవుల చీటీలు పట్టుకొస్తారు, పాత మనవి ఉన్నవాళ్ళు దాన్నే మళ్ళీ ఇవ్వండి.